నీలవేణి వాటా

వాటాలు వేయడంలో బుధును మించినవాడు చుట్టుపక్కల గూడేల్లో లేడు. మేక చిన్నదైనా పెద్దదైనా, అతని కత్తి కిందికి వచ్చాక ఒక వాటాకూ ఇంకో వాటాకూ వేలెడు ముక్క తేడా ఉండదు. పనసగుడలో గడపలు ముప్పై మూడు. ఊరి పెత్తనం చేసే పెద్దనాయుడి కళ్లంలో అడ్డాకులు ముప్పై మూడు వరసగా పరిచి, ముందు కండ, తర్వాత ఎముక, ఆ తర్వాత కార్జం, పేగులు వేసుకుంటూ వెళ్లాడు. ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి, మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరకు వస్తూ వేయడం అతని పద్ధతి. అలా వేస్తే మొదటి ఇంటివాడికి ఎప్పుడూ మంచి ముక్క, చివరి ఇంటివాడికి ఎప్పుడూ తుక్కు అన్న మాట రాదు. ఊరికి బారికిగా చేసే పనుల్లో బుధుకు గర్వంగా ఉండేది ఇదొక్కటే. కబుర్లు మోయడం, జనాన్ని పిలుచుకురావడం ఎవడైనా చేస్తాడు.

ఆ ఆదివారం మాత్రం అతనికి వరస రెండుసార్లు తప్పింది.

మేక కొండబాబుది. పెద్దనాయుడి కొడుకతను, ఊళ్లో అందరికన్నా పెద్ద కాఫీ తోట అతనిదే. మేకతో పాటు గంపెడు బియ్యం, రెండు కుండల జీలుగుకల్లు తప్పు కింద ఇచ్చాడు. పనసగుడలో తప్పు చేసినవాడు ఊరికి ఇలా కట్టుకుంటాడు. ఆ మాంసం గడపగడపకూ వాటా వెళ్తుంది. అన్ని గడపలూ అందుకుని తిన్నాక ఇక ఆ సంగతి ఎవరూ ఎత్తకూడదు, మనసులో కూడా పెట్టుకోకూడదు. ఒకడి ఎద్దు ఇంకొకడి చోడిచేను మేసినా, ఒకడి పెళ్లాన్ని ఇంకొకడు తీసుకుపోయినా ఇదే పద్ధతి. ఆ తగవులకు అది బాగానే పనికొచ్చింది, కాదనలేం. కోర్టులూ లాయర్లూ లేకుండా జనం మర్నాడు కలిసి పనిలోకి వెళ్లేవారు.

కానీ కొండబాబు చేసింది ఎద్దు చేసే పని కాదు. ఎనిమిది రోజుల కిందట, బరకం పట్టా మీద ఆరబోసిన కాఫీ పళ్లు ఎవరో ఎత్తుకుపోయారని తొమ్మిదేళ్ల పిల్లను కర్రతో కొట్టాడు. రెండు దెబ్బలు వేసి పంపడం కాదు. ఎడమ చెయ్యి రెండు చోట్ల విరిగింది, ఎడమ కన్ను పోయింది. పిల్ల పేరు సరళ. తండ్రి లేడు, తల్లి నీలవేణి. ఇద్దరూ ఇప్పుడు విశాఖలో ఆసుపత్రిలో ఉన్నారు. వాళ్లు లేకుండానే ఊరు కూర్చుంది, తప్పు తేల్చింది, మేకను కోసింది.

ముప్పై మూడో వాటా చేతిలో పట్టుకుని బుధు పెద్దనాయుడి వైపు చూశాడు.

"నీలవేణింటికి తాళం గదా బాబూ. దీన్నేటి సేయమంటావు?"

"గొళ్లేనికి కట్టేసి రా. గడపకి సేరిందంటే అందినట్టే," అన్నాడు పెద్దనాయుడు, కల్లుకుండ మూతికి గుడ్డ కడుతూ.

గంప నెత్తిన పెట్టుకుని బుధు బయలుదేరాడు. వాటా అందుకుంటూ ఒక్కొక్కరూ ఒక్కో మాట అన్నారు. 'పాపం గుంట' అన్నది ఒకామె, అంటూనే ఆకు విప్పి కార్జం ఉందో లేదో చూసుకుంది. 'కొండబాబు సెయ్యి దురుసు గానీ మనసు మంచిదే' అన్నాడు ఒకాయన. ఆయన మిరియాలు కొండబాబు జీపులోనే సంతకు వెళ్తాయి. 'అసలా గుంట బరకం కాడికి ఎందుకెల్లాల?' అన్నది మరొకామె. పళ్లు తీసింది సరళే అని చూసినవాళ్లు ఎవరూ లేరు. పోనీ తీసిందనే అనుకుందాం. దోసెడు కాఫీ పళ్లకు కన్నా? ఈ మాట ప్రతి గడప దగ్గరా బుధుకు నోటిదాకా వచ్చింది. ప్రతి గడప దగ్గరా వాటా చేతికిచ్చి ముందుకు నడిచాడు.

నీలవేణి ఇంటి ముందు సగం అలికిన నేల అలాగే ఉంది. పిల్లకు దెబ్బలు తగిలిన రోజు ఆమె పేడనీళ్లతో అలుకుతుండగానే బుధు వెళ్లి నిలబడ్డాడు.

"గుంటని కొండబాబు రమ్మంటన్నాడు."

"ఏటి మావా, అదేం సేసింది?" అని తల ఎత్తిందామె.

"ఏటీ లేదు. ఏదో అడిగి ఒగ్గేత్తాడు. నాను తోడుంటాను గదా."

బారికి వచ్చి పిలిస్తే రానని పనసగుడలో ఎవరూ అనరు. నీలవేణి చేతులు కడుక్కుని, పిల్ల మొహం కొంగుతో తుడిచి పంపింది. దారంతా సరళ అతని చెయ్యి పట్టుకుని ఏదో చెబుతూనే వచ్చింది. తోటలో కళ్లం దగ్గర కొండబాబు కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. 'నువ్వెల్లి గంపలు తే' అన్నాడు బుధుతో. గంపలు రేకుల షెడ్డు వెనకే ఉన్నాయి, పది అడుగుల దూరం. బుధు పిల్ల చెయ్యి వదిలి అటు వెళ్లాడు. వెళ్లి అక్కడే నిలబడిపోయాడు. సరళ మూడుసార్లు తాతా అని పిలిచింది. మూడోసారి తర్వాత పిలవలేదు. అప్పుడు గంపలు తీసుకుని వచ్చాడు.

ఇప్పుడు గొళ్లేనికి వాటా కట్టబోతే నారకు ముడి పడలేదు. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి పళ్లతో లాగి బిగించి ఇంటికి పోయాడు. భార్య సోములమ్మ అప్పటికే కూర పొయ్యి మీద పెట్టింది. పచ్చిమిరపకాయలు దంచి వేసింది, అల్లం వేసింది. బుధు అన్నంలో కలుపుకుని తిన్నాడు. కూర చాలా బాగుంది. మళ్లీ వేయించుకుని తిన్నాడు. తర్వాత రోజుల్లో అతన్ని ఎక్కువగా కాల్చింది ఆ రెండోసారే.

*

సోమవారం పోలీసులు వచ్చారు. జీపు రోడ్డు దగ్గర వదిలేసి, గెడ్డలో నీళ్లు దాటి, అరగంట కొండెక్కి వచ్చేసరికి యస్సై చొక్కా తడిసిపోయింది. ఆయన వెనకే మాధవి అనే ఆడ హెడ్ కానిస్టేబులు, చేతిలో ఫైలుతో, ఆయాసం లేకుండా నడిచి వచ్చింది. పిల్లను డోలీలో మోసుకెళ్లినప్పుడు ఊరివాళ్లు చెట్టు మీంచి పడిందని రాయించారు. విశాఖలో డాక్టరు వీపు తిప్పి చూసి, ఏ చెట్టుకూ ఇలాంటి కర్రలుండవని పోలీసులకు కబురు పంపాడు.

"ఊరందరినీ పిలువు," అన్నాడు యస్సై.

బుధు కొండరాయి ఎక్కి నోటికి చేతులు అడ్డం పెట్టుకుని పిలిచాడు. జనం వచ్చారు. బారికి పిలిస్తే వస్తారు గదా. వచ్చి ఎక్కడివాళ్లక్కడ నేల చూస్తూ నిలబడ్డారు.

"జామచెట్టు మీంచి పడింది సారూ," అన్నాడు పెద్దనాయుడు.

"ఏది ఆ జామచెట్టు?" అని మాధవి అడిగింది.

ముగ్గురు ముగ్గురు వైపులకు చేతులు చూపించారు. చూపించినవాళ్లు ఒకరి చెయ్యి ఒకరు చూసుకుని దించేశారు. యస్సై నవ్వలేదు.

"నిన్న మేక కోశారంట. తప్పు కట్టారంట. జామచెట్టే కట్టిందా ఆ తప్పు?"

"అది వేరే తగువు సారూ. అయిపోయింది. ఊరు తిన్నాది."

"ఏ తగువు?"

కొండబాబు మంచి చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని, జనంలో అందరిలాగే నిలబడి ఉన్నాడు. అతని పక్కనున్నవాళ్లు జరగలేదు. జరిగితే బాగుండేదని బుధుకు అనిపించింది. అనిపించిన మరుక్షణమే, తాను కూడా జరగకుండా అతనికి ఇటువైపున ఉన్నానని చూసుకున్నాడు.

మాధవి వచ్చి అతని ముందు నిలబడింది. కింద శృంగవరపుకోట వైపు మనిషి మాటలా ఉంది ఆమె మాట.

"తాతా, నువ్వు బారికివంట గదా. నీకు తెలీకుండా ఈ ఊళ్లో ఏటి జరుగుతాది?"

"నాకు తెలీదమ్మా. నాను గంపల కోసం ఎల్లాను."

ఆమె రాసుకోబోయి ఆగింది.

"ఏ గంపలు? నేను గంపల సంగతి అడగలేదే."

కొండబాబు దగ్గాడు. మాధవి ఆ దగ్గు వైపు చూసి, బుధు వైపు చూసి, ఫైలు మూసింది. వెళ్తూ వెళ్తూ అతనికి మాత్రమే వినపడేలా, స్టేషను ఎక్కడుందో తెలుసు గదా అని అడిగింది.

వాళ్లు గెడ్డ దాటేదాకా ఎవరూ కదల్లేదు. దాటాక పెద్దనాయుడు అందరినీ మెచ్చుకున్నాడు. ఊరు ఒక్క మాట మీద ఉందన్నాడు. ఆ మెప్పు వింటూ బుధు తల ఊపాడు. ఆ తల ఎందుకు ఊగిందో అతనికే అర్థం కాలేదు.

*

బుధవారం పొద్దున నీలవేణి వచ్చింది. ఆసుపత్రిలో ఆధార్ కార్డు అడిగారట. దాని కోసమూ, రెండు బట్టల కోసమూ వచ్చి, మధ్యాహ్నం జీపుకు తిరిగి వెళ్లాలి.

అప్పుడు బుధు కొండబాబు తోటలో పల్పర్ తిప్పుతున్నాడు. పండిన పళ్లు పైన పోసి మర తిప్పుతుంటే ఎర్ర తొక్కలు ఒక పక్కకు, జిగురుతో గింజలు ఇంకో పక్కకు తొట్టిలోకి పడుతున్నాయి. పనిలో మిగతావాళ్లు తోట పైభాగంలో పళ్లు కోస్తున్నారు. కొండబాబు అనంతగిరి వెళ్లాడు. నీలవేణి నేరుగా షెడ్డు దగ్గరికి వచ్చింది. ఆమె చేతిలో అడ్డాకు పొట్లం ఉంది. మూడు రోజులకు దాని నుంచి నీరు కారి, వాసన వేస్తోంది.

"ఇది నువ్వు కట్టిందేనా మావా?"

"నానే. ఊరు ఇమ్మంది."

"నానెప్పుడు తీసుకున్నాను?"

బుధు మర తిప్పుతూనే ఉన్నాడు.

"గుంటకెలా ఉన్నాది?" అన్నాడు చివరకు.

"రెండో కన్ను బాగానే ఉన్నాదంట. సేతికి సిమెంటు కట్టారు. నిద్దట్లో ఉలికిపడతాది. నాను పక్కనుంటే గానీ పడుకోదు."

"దేవుడు సల్లగా సూసాడు."

"దేవుడి మాటెందుకు మావా ఇక్కడ," అన్నది నీలవేణి. కోపంగా అనలేదు. అలసిపోయి ఉంది. తొట్టి గట్టు మీద పొట్లం పెట్టి, తను కూడా కూర్చుంది. "పోలీసమ్మ ఆసుపత్రికొచ్చి గుంటనడిగింది. కొండబాబు కొట్టాడని సెప్పింది. ఎవరు నిన్ను అక్కడికి తీసుకెల్లారంటే, నానే ఎల్లానంది. నీ పేరెత్తలేదు."

మర ఆగింది.

"నువ్వు సెప్పలేదా?"

"గుంట ఒకటి సెప్పి నాను ఒకటి సెప్తే దాని మాట అబద్దమైపోద్దని ఊరుకున్నాను. ఎందుకే అలా సెప్పావంటే పలకదు. నిన్ను సూడాలంటది. తాతని తే అంటది."

బుధుకు ముందు వచ్చింది సంతోషం. దాన్ని దాచి లాభం లేదు. తన పేరు రాలేదు, ఇక రాదు అన్న సంతోషం ఒంటి నిండా పాకింది. వెంటనే అంత సిగ్గూ వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల, ఒంటికంటితో మంచం మీద పడుకుని, తనను కాపాడింది. తాను పది అడుగుల దూరంలో నిలబడి దాన్ని కాపాడలేదు.

"సూసినోళ్లు ఒకలైనా సెప్పాలంట మావా. గుంట మాట ఒక్కటే అయితే కోర్టులో నలిపేత్తారంట. ఆ రోజు ఇక్కడున్నది నువ్వొక్కడివే."

"నాను సూడలేదమ్మా. షెడ్డెనకాల ఉన్నాను."

"ఇనలేదా?"

పల్పర్ పిడిని పట్టుకున్న వేళ్ల మీద జిగురు ఆరి చర్మం బిగుసుకుంటోంది. బుధు ఆ వేళ్లనే చూస్తూ ఉండిపోయాడు.

"కొండబాబు వచ్చి పిలిస్తే పంపేదాన్ని కాదు. పెద్దనాయుడొచ్చినా పంపేదాన్ని కాదు. నువ్వొచ్చావని పంపాను," అన్నది. నీలవేణి లేచి కొంగు దులుపుకుంది. "ఇది పట్టుకెల్లి పెద్దనాయుడికి తిరగబెట్టు. నాను ఇత్తే ఆడమనిషి కోపంతో ఇసిరికొట్టిందంటారు. ఇచ్చింది నువ్వు. తిరగబెట్టాల్సింది నువ్వే. రేపు పది గంటలకు స్టేషను కాడ ఉంటాను. వస్తే రా."

*

తప్పు వాటా తిరిగి రావడం పనసగుడలో బుధు పుట్టాక జరగలేదు. జరిగితే ఏమవుతుందో మాత్రం అందరికీ తెలుసు. ఒక్క గడప వద్దంటే తప్పు ముగియనట్టే. తిన్నవాళ్లందరూ ముగియని తప్పు తిన్నట్టే.

పొద్దు వాలుతుండగా పొట్లం పట్టుకుని బయలుదేరాడు. సోములమ్మ గెడ్డ దాకా వెనకే వచ్చింది.

"దాన్ని గెడ్డలో పారీ. అందిందని సెప్పు. ఎవలికి తెలుస్తాది?"

"నీలవేణికి తెలుస్తాది."

"అది పట్నమెల్లిపోయింది. మనం ఈడ బతకాల. ఏటా గడపకో కుంచం గింజలు నీకు ఎవలిత్తారు? సచ్చిపోతే మోయడానికి ఎవలొత్తారు?" ఆమె ఏడుస్తోంది. "నువ్వు కొట్టావేటి ఆ గుంటని? నువ్వు కొట్టలేదు గదా."

బుధు నీళ్ల మీదికి వంగాడు. వదిలేస్తే చాలు, నీళ్లు పట్టుకుపోతాయి. ఎంత తేలికో. పదకొండు రోజుల నుంచి అన్నీ ఇలా తేలికైనవే చేస్తూ వచ్చాడు. చెయ్యి వదలడం తేలిక, గంపల కోసం వెళ్లడం తేలిక, తెలీదనడం తేలిక, కూర మళ్లీ వేయించుకోవడం అన్నిటికన్నా తేలిక. నడుం ఎత్తి గెడ్డ దాటాడు.

కళ్లంలో పదిమంది దాకా మగవాళ్లు మంట చుట్టూ కూర్చుని ఉన్నారు. బుధు పొట్లం తెచ్చి పెద్దనాయుడి కాళ్ల ముందు, బండ మీద పెట్టాడు. వాసనకు దగ్గరివాళ్లు ముక్కులు మూసుకున్నారు.

"నీలవేణి వాటా, బాబూ. తీసుకోనంది."

"తెలివుండే మాటాడతన్నావా?" అన్నాడు పెద్దనాయుడు నెమ్మదిగా. "ముప్పై రెండు గడపలు తిన్నాయి."

"ముప్పై మూడు తినాల గదా. అప్పుడే ముగిసినట్టు. మీ నాన్న సెప్పేవోడు."

"గడపకి కట్టినావా లేదా?"

"కట్టాను. గడప తిన్లేదు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. కొండబాబు లేచి దగ్గరికి వచ్చాడు. తాగి లేడు, గొంతు మామూలుగానే ఉంది.

"నువ్వు తిన్లేదేటి?"

"తిన్నాను. రెండుసార్లు ఏయించుకున్నాను."

"మరా గుంటని సెయ్యట్టుకుని తెచ్చిందెవడు? నాను నోరిప్పితే నువ్వూ నా పక్కనే జైల్లో ఉంటావు. అది సూసుకో."

"అదే సూసుకుంటన్నాను ఇన్నాళ్లూ," అన్నాడు బుధు.

పెద్దనాయుడు మంటలోకి ఒక కట్టె తోశాడు. "రేపట్నుంచి ఈ ఊరికి నువ్వు బారికివి కాదు. నీ గడపకి వాటా లేదు. నిన్ను ఎవరూ పిలవరు, నువ్వు పిలిత్తే ఎవరూ రారు. ఎల్లు."

ఇంత భయం వేస్తుందని బుధు అనుకోలేదు. అయినా నిలబడి, "కొత్తోడికి వాటాలెయ్యడం నేర్పాలంటే సెప్పండి," అని వెనక్కి తిరిగాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అతనికి ఆ బెంగ ఉంది.

తిరిగి వస్తుంటే చీకట్లో ముగ్గురు, వేరువేరు చోట్ల, అతన్ని ఆపి గుసగుసగా చెప్పారు. ఒకామె తన వాటా కుక్కకు వేశానంది. ఒకాయన పాతిపెట్టానన్నాడు. ఇంకొకామె వండింది గానీ దిగలేదంది. రేపు స్టేషనుకు వస్తారా అంటే ముగ్గురికీ పనులున్నాయి. తినకపోవడమే పెద్ద పుణ్యం చేసినట్టు చెప్పుకుని వెళ్లిపోయారు. బుధు వాళ్లను తిట్టుకోలేదు. మొన్నటిదాకా తాను ఆ మాత్రం కూడా చేయలేదు.

*

గురువారం పది గంటలకు ముందే నీలవేణి స్టేషను మెట్ల దగ్గర కూర్చుని ఉంది. బుధును చూసి లేచి నిలబడింది. లోపల మాధవి అతనికి కుర్చీ చూపించింది. కుర్చీలో కూర్చోవడం అలవాటు లేక అంచు మీద కూర్చున్నాడు.

కొండబాబు చేతిలో కర్ర ఉండడం చెప్పాడు. గంపలు తెమ్మనడం చెప్పాడు. షెడ్డు వెనక తనకు వినపడిన దెబ్బలు, తిట్లు, పిల్ల అరుపులు చెప్పాడు. తిరిగి వచ్చేసరికి పిల్ల ఎటు తల పెట్టి పడి ఉందో, కర్ర ఎక్కడ ఉందో చెప్పాడు. చెట్టు మాట ముందుగా అన్నది పెద్దనాయుడని చెప్పాడు. మాధవి ఆపకుండా రాసుకుంది. మధ్యలో ఒకసారి నీళ్లు ఇచ్చింది.

"పాప తనంతట తనే తోటకు వచ్చింది. అంతే గదా?" అన్నది, కాగితం మీద నుంచి తల ఎత్తకుండా.

"కాదమ్మా. నానే తీసుకెల్లాను."

పెన్ను ఆగింది.

"తాతా, పాప నీ పేరు చెప్పలేదు. తల్లీ చెప్పలేదు. ఇది రాస్తే అవతలి లాయరు ముందు నిన్నే పట్టుకుంటాడు. నిన్ను కూడా కేసులో కలపాలంటాడు. నువ్వు సాక్షిగా ఉండడమే ఆ పాపకు మంచిది. ఆలోచించుకో."

"రాయకపోతే నాను ఆడికెందుకెల్లానంటారు?"

"పనికి వెళ్లావు. తోటలో పనిచేస్తావు గదా."

చక్కగా సరిపోయే మాట. ఎవరికీ నష్టం లేదు, కేసుకు కూడా మంచిదట. బుధు కిటికీ లోంచి బయట మెట్ల మీద నీలవేణి వీపును చూశాడు.

"అడుగుతారని నువ్వే అంటన్నావు. అడిగినప్పుడు బయటపడితే మిగతాది కూడా అబద్దమంటారు. ఎలా జరిగిందో అలాగ రాయమ్మా. గుంటని రమ్మని పిలిచింది నాను. తోడుంటానని తల్లికి సెప్పింది నాను. సెయ్యొదిలేసి పక్కకెల్లిపోయింది నాను."

మాధవి అలాగే రాసింది. రాసినదంతా చదివి వినిపించింది. తన మాటలు పుస్తకం భాషలో వింటే ఎవరో వేరే మనిషి చేసిన పనిలా ఉంది. ఆ వేరే మనిషి మీద బుధుకు జాలి కలగలేదు. మెజిస్ట్రేటు ముందు కూడా ఇదే చెప్పాల్సి ఉంటుందని, పిలిచినప్పుడు రావాలని, కొండబాబు కోసం సాయంత్రమే మనుషులు వెళ్తారని మాధవి చెప్పింది.

బయటికి వచ్చాక నీలవేణి, "గుంట నిన్ను అడుగుతాది. వస్తావా?" అన్నది. లోపల ఏం చెప్పాడో అడగలేదు. బహుశా కిటికీ లోంచి వినే ఉంటుంది. విశాఖ బస్సు ఎక్కి, ఘాటు మలుపులన్నీ పక్కపక్కనే కూర్చుని దిగారు. బస్సు స్టాండులో ఆమె అతనికి టీ ఇప్పించింది. అతను తాగలేకపోయాడు, పారబోయడానికీ మనసు రాక గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె తాగడం అయ్యాక అదీ తీసుకుని తాగేసింది.

పిల్లల వార్డులో సరళ మంచం కిటికీ పక్కన ఉంది. ఎడమ కన్నుకు తెల్లటి కట్టు, ఎడమ చేతికి సిమెంటు కట్టు. మొహం సగమే కనిపిస్తోంది, ఆ సగం బాగా చిక్కిపోయింది. అతన్ని చూడగానే ఆ సగం మొహమూ వెలిగింది.

"తాతొచ్చాడు," అన్నది పక్క మంచం పిల్లతో, గొప్పగా.

బుధు మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఊళ్లో వాళ్ల కోడి పిల్లలు చేసిందని చెప్పాడు. ఎన్ని అని అడిగింది. ఏడు అన్నాడు. ఒకటి తనకు కావాలంది. సరే అన్నాడు. నీలవేణి గూట్లో బట్టలు సర్దుతోంది.

సరళ అతని వైపు కొంచెం జరిగి, గొంతు తగ్గించింది.

"తాతా, పోలీసమ్మకి నీ పేరు సెప్పలేదు నాను."

"తెలుసే. అమ్మ సెప్పింది. ఎందుకు సెప్పలేదు?"

"నిన్ను కూడా పట్టుకెల్లిపోతారని. నువ్వేటీ సేయలేదు గదా. అమ్మని పిలవడానికి ఎల్లావు గదా." ఒక్క క్షణం ఆగింది. "అమ్మ కనబడలేదేటి? అందుకేనా ఆలీసమైంది?"

గూటి దగ్గర నీలవేణి చేతులు ఆగిపోయాయి. ఆమె ఇటు తిరగలేదు.

ఇన్ని రోజులూ ఆ పిల్ల ఏం నమ్ముకుని పడుకుందో బుధుకు అప్పుడు తెలిసింది. తాత పరుగెత్తాడు, అమ్మను వెతుకుతున్నాడు, వచ్చేస్తాడు అనుకుంటూ ఆ దెబ్బలన్నీ తిన్నది. ఇప్పుడు ఊ అంటే చాలు. స్టేషనులో చెప్పాల్సింది చెప్పేశాడు. ఇక్కడ ఊ అంటే ఎవరికీ నష్టం లేదు. పిల్లకు ఊళ్లో ఒక మనిషి మిగులుతాడు. తనకు ఒక కోడిపిల్లను ఇచ్చే దారి మిగులుతుంది. అనాలని ఎంత అనిపించిందో చెప్పలేం.

కానీ రేపో మాపో కోర్టులో ఈ పిల్ల ఎదుటే మాధవి రాసిన కాగితం చదువుతారు. అప్పుడు ఎవరో లాయరు నోటి నుంచి వింటుంది.

"లేదే," అన్నాడు. "అమ్మ కోసం ఎల్లలేదు. ఎక్కడికీ ఎల్లలేదు. రేకుల షెడ్డెనకాల నిలబడ్డాను."

సరళకు అర్థం కాలేదు. అతను హాస్యమాడుతున్నాడేమోనని చూసింది.

"నాను పిలిచాను," అన్నది.

"పిలిచావు."

"ఇనపడిందా?"

"ఇనపడింది," అన్నాడు బుధు. "మూడుసార్లూ ఇనపడింది."

పిల్ల ఏడవలేదు. ఒంటికన్నుతో చాలాసేపు అతన్నే చూసింది, ఎక్కడో చూసిన మనిషిని గుర్తుపట్టడానికి చూసినట్టు. తర్వాత మెల్లగా రెండో పక్కకు తిరిగి, దాహమేస్తోందని తల్లిని నీళ్లు అడిగింది.